చెవితో ఆడవలసిన ఆట: ‘ఏలియన్: ఐసోలేషన్’ మొదలుపెట్టేవారికి

‘ఏలియన్: ఐసోలేషన్’ అనే వీడియోగేమ్‌ను ఎంతో ఇష్టంగా మొదలుపెట్టి ఐదో మిషన్ (ఆటలోని ఐదో ఘట్టం) దగ్గర వదిలేసినవారు తిరుపతిలో నాకు తెలిసినవారిలోనే చాలామంది ఉన్నారు. ఆసుపత్రి విభాగంలోకి అడుగుపెట్టాక ఎటు కదిలినా ఆటలో వేటాడే గ్రహాంతర జీవి వచ్చి చంపేస్తోందనీ, ఇంక ఏమి చేయాలో తోచడం లేదనీ వారంటారు. తుపాకీ ఆటలకు అలవాటుపడిన చేతులకు ఇది సహజమే. ఈ ఆటలో ఎదురుగా ఉన్న జీవిని చంపడానికి వీలులేదు, పరుగెత్తి దాన్ని మించిపోవడానికీ వీలులేదు. అది ఎక్కడ ఉందో ముందుగా తెలుసుకుని, అది లేని వైపు కదలడం ఒక్కటే దారి. ఆ సంగతిని మనకు చెప్పేది తెర కంటే ఎక్కువగా శబ్దమే. కాబట్టి దీన్ని చెవితో ఆడడం నేర్చుకోవాలని నా గట్టి నమ్మకం. కింద రాసినదంతా ఆ నమ్మకం మీద ఆధారపడినదే.

ఆట గురించి తెలియనివారి కోసం రెండు మాటలు. బ్రిటన్‌కు చెందిన క్రియేటివ్ అసెంబ్లీ సంస్థ తయారుచేయగా సెగా సంస్థ దీన్ని 2014 అక్టోబరు 7న విడుదల చేసింది. 1979లో వచ్చిన ‘ఏలియన్’ సినిమా కథ జరిగిన 15 ఏళ్ల తరువాత, అంటే 2137లో ఈ కథ నడుస్తుంది. ఆ సినిమా కథానాయిక కూతురు అమాండా రిప్లీ, తల్లి ప్రయాణించిన నోస్ట్రొమో అంతరిక్ష ఓడ ఫ్లైట్ రికార్డర్ (ప్రయాణ వివరాలు నమోదుచేసే పెట్టె) దొరికిందని విని సెవాస్టపోల్ అనే అంతరిక్ష కేంద్రానికి వెళ్తుంది. అక్కడ శాంతిభద్రతలు కుప్పకూలి ఉంటాయి. మనుషులు మనుషులను కాలుస్తుంటారు, మరమనుషులు మాట వినరు, వీరందరి మధ్య ఆ జీవి ఒకటి తిరుగుతుంటుంది. మొత్తం 18 మిషన్లు ఉన్నాయి, నింపాదిగా ఆడితే పదిహేను, ఇరవై గంటలు పడుతుంది. అమెరికా వర్గీకరణ ప్రకారం ఇది 17 ఏళ్లు నిండినవారికి ఉద్దేశించినది. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే వారు పడుకున్నాకే ఆడడం మంచిది.

ముందుగా ఇంట్లో చేసుకోవలసిన ఏర్పాట్లు

పాత ఆట కావడం వల్ల దీనికి ఖరీదైన కంప్యూటరు అవసరం లేదు. 4 జీబీ ర్యామ్, సుమారు 35 జీబీ ఖాళీ స్థలం, సాధారణమైన గ్రాఫిక్స్ కార్డు ఉంటే చాలు. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో కొన్న లాప్‌టాప్ మీద కూడా చాలావరకు నడుస్తుంది. 2021 డిసెంబరు నుంచి ఆండ్రాయిడ్, ఐఫోన్‌లలో కూడా దొరుకుతోంది. ఫోన్‌లో ఆడదలచినవారు బ్లూటూత్ కంట్రోలర్ ఒకటి సంపాదించుకుంటే మేలు, ఎందుకంటే తెర మీద వేళ్లు పెట్టి ఆడితే ఆ వేళ్లే సగం చీకటిని కప్పేస్తాయి.

అన్నింటికంటే ముఖ్యమైనవి హెడ్‌ఫోన్లు. చెవిని పూర్తిగా కప్పే రకం, తీగతో ఉన్నవి అయితే మరీ మంచిది. చవకరకం బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో శబ్దం ఒక క్షణం ఆలస్యంగా వినిపిస్తుంది, ఈ ఆటలో ఆ క్షణం చాలా విలువైనది. టీవీ స్పీకర్ల మీద ఆడితే జీవి మన కుడివైపు ఉందా, ఎడమవైపు ఉందా, నెత్తిమీద ఉందా అనేది తేలదు. ఎండాకాలంలో మన ఇళ్లలో సీలింగ్ ఫ్యాను, కూలరు, వేడెక్కిన లాప్‌టాప్ ఫ్యాను కలిసి చేసే హోరులో ఆటలోని సన్నని శబ్దాలు కలిసిపోతాయి కాబట్టి, ఏప్రిల్, మే నెలల్లో రాత్రి పొద్దుపోయాక ఆడుకోవడమే సరి. మే నెలలో గంగమ్మ జాతర జరిగే వారంలో పాత ఊరి వీధుల్లో ఉండేవారు ఆట జోలికి పోకపోవడం ఉత్తమం. డప్పులు వినిపిస్తున్నంతసేపు జాతరకే వెళ్లాలి, ఆటకు మరో వారం ఉంటుంది.

కరెంటు విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ఈ ఆటలో మనం చేతులారా సేవ్ చేసుకుంటే తప్ప సాధించినది నిలవదు. డెస్క్‌టాప్ మీద ఆడేవారికి యూపీఎస్ లేకపోతే, కరెంటు పోయిన ప్రతిసారీ గడిచిన అరగంట కష్టం మళ్లీ మొదటికి వస్తుంది. లాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే కూర్చోవాలి.

ప్లేస్టేషన్ 4 కెమెరా గానీ, ఎక్స్‌బాక్స్ వన్ కైనెక్ట్ గానీ ఉన్నవారు సెట్టింగుల్లో మరో విషయం చూసుకోవాలి. ఆ రెండింటిలోనూ మైకు ద్వారా గదిలోని శబ్దాన్ని ఆట వినే ఏర్పాటు ఉంది. మీరు కేక వేసినా, వంటింట్లో కుక్కరు విజిల్ వేసినా ఆటలోని జీవికి అది వినిపిస్తుంది. ఉమ్మడి కుటుంబంలో ఉండేవారు మొదటిసారి ఆడేటప్పుడు దాన్ని ఆపివేసుకోవాలి. ఒకసారి ఆట పూర్తిచేసి, ఇంట్లో ఎవరూ లేని రాత్రి దాన్ని మళ్లీ పెట్టి చూస్తే ఆ అనుభవమే వేరు.

వెలుతురు సంగతి కూడా చెప్పాలి. బ్రైట్‌నెస్‌ను ఆట సూచించినదాని కంటే ఎక్కువ పెంచితే చీకటి బూడిదరంగుకు తిరిగి భయం పలచబడుతుంది. అంతకంటే గదిలోని ట్యూబ్‌లైట్ ఆపివేయడం మేలు. తెలుగు సంభాషణలు లేవు, ఆంగ్లంలోనే వినాలి కాబట్టి సబ్‌టైటిళ్లు తప్పక పెట్టుకోవాలి.

వినడం

జీవి రెండు చోట్ల ఉంటుంది: మన అంతస్తులో నేల మీద, లేదా గాలి గొట్టాలలో. ఈ రెండింటి శబ్దాలను విడదీసి గుర్తుపట్టడమే మొదటి పాఠం. గొట్టంలో పాకుతున్నప్పుడు రేకు మీద ఎవరో మోచేతులతో దేకుతున్నట్లు బోలుగా, తడవతడవకూ ఆగుతూ వినిపిస్తుంది. నేల మీద నడుస్తున్నప్పుడు అడుగులు బరువుగా, లయతో పడతాయి. గొట్టంలోంచి దిగేటప్పుడు రేకు కొట్టుకున్న చప్పుడు, ఆ వెంటనే బుస వినిపిస్తాయి. ఆ చప్పుడు విన్న క్షణంలో మీరు ఏ పని చేస్తున్నా వదిలేసి, బల్లకో పెట్టెకో చాటుగా వంగాలి. అది మిమ్మల్ని చూసిందంటే కీచుమని అరుస్తుంది. ఆ అరుపు విన్న తరువాత పరుగెత్తి ప్రయోజనం లేదు, దాని వేగం ముందు మన వేగం ఏపాటిదీ కాదు.

ఐదో మిషన్‌లో, అంటే జీవితో మొదటిసారి దీర్ఘంగా తలపడవలసిన ఆసుపత్రి విభాగంలో, నేను ప్రతి కొత్త ఆటగాడికీ ఒకే పని చెబుతాను. లక్ష్యాన్ని కాసేపు మరిచిపోయి, ఒక బల్ల కింద వంగి కూర్చుని, జీవి వచ్చి వెళ్లే తీరును కళ్లు మూసుకుని వినమంటాను. చచ్చిపోతే పోయేదేమీ లేదు, మళ్లీ మొదలవుతుంది. అడుగులు దగ్గరవుతున్నాయా, దూరమవుతున్నాయా, గోడకు అవతలివా అనేది పావుగంటలో చెవికి పట్టుబడుతుంది. ఆ పావుగంట పెట్టినవారు ఆ మిషన్‌ను దాటుతారు. పెట్టనివారు ఇరవైసార్లు చచ్చి ఆటను వదిలేస్తారు.

ఆట తొలిభాగంలోనే చేతికి దొరికే మోషన్ ట్రాకర్ ఎంతో ఉపయోగకరమైనదే, కానీ దాని పరిమితులు తెలియకపోతే అదే ప్రాణం తీస్తుంది. అది కదులుతున్నవాటిని మాత్రమే చూపిస్తుంది. మూల మీద కదలకుండా నిలబడిన జీవి అందులో కనిపించదు. చుక్క కనిపించినా అది మన అంతస్తులో ఉందో, పైన గొట్టంలో ఉందో చెప్పదు. పైగా ఆ పరికరం చేసే టిక్‌టిక్ చప్పుడు దగ్గరలో ఉన్న జీవికి వినిపిస్తుంది. ట్రాకర్ ఎత్తిపట్టుకున్నప్పుడు దాని తెర స్పష్టంగా, వెనకున్న గది మసకగా మారుతుంది కాబట్టి, ఎదురుగా వస్తున్నదాన్ని కూడా చూడలేకపోవచ్చు. అందువల్ల క్షణకాలం ఎత్తి చూసి వెంటనే దించేయాలి. దూరాన్ని ట్రాకర్‌తో కొలవండి, దగ్గరలో ఉన్నదాన్ని చెవితో కొలవండి.

మనం చేసే శబ్దం సంగతికి వద్దాం. అలిపిరి నడకదారిలో చిరుతల భయం ఉన్నప్పుడు గుంపులుగా, గోవింద నామం గట్టిగా పలుకుతూ మెట్లెక్కమంటారు. మనుషుల అలికిడి వింటే అడవి మృగం తప్పుకుంటుందని మన అనుభవం. సెవాస్టపోల్‌లో ఈ నియమం పూర్తిగా తలకిందులవుతుంది. అక్కడి జీవికి అలికిడే ఆహ్వానం. పరుగెత్తితే గోడ అవతల ఉన్నా వింటుంది. నిలబడి మామూలుగా నడిచినా దగ్గరలో ఉంటే పసిగడుతుంది. వంగి నడిస్తే దాదాపు వినిపించదు. కాబట్టి జీవి తిరిగే ప్రాంతాల్లో వంగి నడవడమే మన సాధారణ నడక కావాలి. టార్చిలైటు వెలుగును కూడా అది గమనిస్తుంది. దారి కనిపించని చోట ఒక్క క్షణం వెలిగించి ఆపివేయాలి, బ్యాటరీ కూడా మిగులుతుంది.

నడిచేటప్పుడు చూపు కూడా ఒక పని చేయాలి, అది పైకప్పును చూడడం. పైనున్న గొట్టం నోటి నుంచి జిగట చొంగ కారుతూ కనిపిస్తే, జీవి అక్కడ మాటు వేసి ఉందని అర్థం. దాని కిందుగా నడిచినవారు తిరిగి రారు. హడావిడిలో ఎంతోమంది ఆ చొంగను చూడకుండానే వెళ్లిపోతుంటారు.

దాక్కోవడం కంటే కదలడం

చిత్తూరులో ఉన్న మా చిన్నాన్న కొడుకు ఈ ఆట ఆడుతుంటే వెనక కూర్చుని చూశాను. లాకరు కనిపిస్తే చాలు అందులోకి దూరి, “అన్నా, పోయిందా? పోయిందా?” అని అడుగుతూ నిమిషాల తరబడి అక్కడే ఉండిపోయేవాడు. ఆట మొదట్లో ఈ పద్ధతి పనిచేస్తున్నట్లే ఉంటుంది. కానీ పదే పదే లాకర్లలోనే దాక్కుంటే జీవి వాటి దగ్గర ఆగి తలుపులు పరిశీలించడం మొదలుపెడుతుంది. అది లాకరు దగ్గరికి వచ్చినప్పుడు వెనక్కి జరిగి ఊపిరి బిగబట్టాలి. ఎక్కువసేపు బిగబడితే ఆరోగ్యం తరిగిపోతుంది. లాకరులో ఉన్నవారికి వేరే దారి ఉండదు, అదే బల్ల చాటున ఉన్నవారు జీవి అటు తిరిగితే ఇటు జరగవచ్చు. అందుకే బల్లలు, పెట్టెలు, ఆసుపత్రి మంచాలు ముందు, లాకరు చివరి ఉపాయం అని గుర్తుపెట్టుకోవాలి.

ఈ జీవి నిర్ణీతమైన బాటలో తిరిగే బొమ్మ కాదు. దాని వెనుక రెండు మెదళ్లు పనిచేస్తాయని ఆట నిర్మాణం గురించి తయారీదారులు వివరించారు. మొదటిది తెర వెనుక నుంచి నడిపించేది. మనం ఎక్కడున్నామో దానికి ఎప్పుడూ తెలుసు, కానీ ఆ చోటును జీవికి నేరుగా చెప్పదు, ఫలానా ప్రాంతంలో వెతకమని మాత్రం సూచిస్తుంది. రెండోది జీవి సొంత మెదడు. అది తన చూపు, వినికిడి మీద ఆధారపడి వెతుక్కోవలసిందే. మన మీద ఒత్తిడి బాగా పెరిగిందని తెర వెనుక మెదడు భావించినప్పుడు జీవిని మళ్లీ గొట్టాలలోకి పంపి మనకు కొంత ఊపిరి ఇస్తుంది. కథ ముందుకు సాగేకొద్దీ జీవికి కొత్త ప్రవర్తనలు కూడా తోడవుతాయి.

ఇది తెలిస్తే ఎలా ఆడాలో కూడా తెలుస్తుంది. ఒకే చోట ఎంతసేపు కూర్చున్నా జీవి ఆ ప్రాంతాన్ని వదిలి శాశ్వతంగా పోదు, ఎందుకంటే మనమున్న ప్రాంతానికే దాన్ని తెర వెనుక మెదడు మళ్లీ మళ్లీ పంపుతుంటుంది. అది గొట్టంలోకి ఎక్కిన శబ్దం వినగానే బయలుదేరాలి. తరువాతి చాటు ఎక్కడో ముందే చూసుకుని, అక్కడికి మాత్రమే వెళ్లి, మళ్లీ వినాలి. ఒక్కసారిగా గమ్యం దాకా పోదామనుకుంటే మధ్యలో దొరికిపోతాం. లిఫ్టు వంటివాటిని పిలిచినప్పుడు తలుపు ముందు నిలబడి ఎదురుచూడకుండా, మీట నొక్కి పక్కకు తప్పుకుని, వచ్చాక ఎక్కాలి.

సేవ్ చేసుకునే విధానం కూడా దీనికి తగ్గట్టే ఉంటుంది. గోడలకు అమర్చిన అత్యవసర టెలిఫోన్‌లో కార్డు పెట్టి, మూడు దీపాలు ఒకటొకటిగా వెలిగేవరకు ఆగాలి. ఆ కొద్ది క్షణాల్లో కూడా జీవి వచ్చి చంపవచ్చు. దగ్గరలో శత్రువులు ఉంటే ఆట ముందుగానే హెచ్చరిస్తుంది, ఆ హెచ్చరిక చూస్తే కాసేపు చాటుకు వెళ్లి మళ్లీ రావడం మంచిది. ఫోన్ల నుంచి సన్నని బీప్ శబ్దం వస్తుంటుంది కాబట్టి వాటిని కూడా చెవితోనే వెతకవచ్చు. ఒక తాళం తెరిచినా, ముఖ్యమైన వస్తువు దొరికినా, వెనక్కి నడిచి సేవ్ చేసుకుని రావడానికి బద్ధకించవద్దు.

చేతిలోని సామాను

దారిలో దొరికే తుక్కు, రసాయనాలు, బ్యాటరీలతో పరికరాలు తయారుచేసుకోవచ్చు. ఒక్కొక్క సామగ్రికి మోయగలిగిన పరిమితి ఉంటుంది. అది నిండితే కొత్తగా దొరికింది తీసుకోలేరు కాబట్టి నిండినప్పుడల్లా ఏదో ఒకటి తయారుచేసి ఖాళీ చేసుకోవాలి. తయారుచేస్తున్నంతసేపు ఆట ఆగదు, తాళాల గుప్తసంకేతాలు విప్పుతున్నప్పుడు కూడా ఆగదు. ఈ పనులన్నీ జీవి దూరంగా ఉన్నప్పుడే చేయాలి.

నాకు అన్నింటికంటే విలువైనదిగా తోచేది నాయిస్‌మేకర్, అంటే విసిరితే చప్పుడు చేసే పరికరం. దీన్ని విసిరిన చోటికి జీవి వస్తుంది, వచ్చాక ఆ చుట్టుపక్కలే వెతుకుతుంది. కాబట్టి మనం వెళ్లవలసిన దారికి వ్యతిరేక దిశలో, వీలైనంత దూరంగా విసరాలి. తుపాకులు పట్టుకున్న మనుషుల గుంపు అడ్డుగా ఉంటే వారి మధ్యకు విసిరి చాటున కూర్చుంటే చాలు, మిగతా పని జీవి చూసుకుంటుంది. ఆ మనుషుల ప్రాణాలు పోవడం చూడలేనివారు చుట్టూ తిరిగి వెళ్లే దారి వెతుక్కోవాలి. చాలాచోట్ల అటువంటి దారి ఉంటుంది, నేను ఆ దారినే ఇష్టపడతాను.

రివాల్వర్ జీవికి ఏ హానీ చేయదు. పేలిన చప్పుడు మాత్రం దాన్ని పిలుచుకుని వస్తుంది. నిప్పంటించి విసిరే మోలోటోవ్ సీసా, కథ సగం దాటాక దొరికే, మంటలు చిమ్మే ఫ్లేమ్‌త్రోయర్ దాన్ని తాత్కాలికంగా తరిమికొడతాయి. ఫ్లేమ్‌త్రోయర్‌ను అది మీదికి వచ్చేవరకు ఆగి, క్షణకాలం మాత్రమే నొక్కి వదలాలి. ఇంధనం అరుదుగా దొరుకుతుంది, పైగా మాటిమాటికీ వాడితే ఆ జీవికి మంటంటే జంకు తగ్గుతుంది.

వర్కింగ్ జో అనే మరమనుషుల సంగతి వేరు. కళ్లు తెల్లగా వెలుగుతున్నంతసేపు వారి జోలికి పోకూడదు, ఎర్రబడితే శత్రువులు అయినట్లే. వారు పరుగెత్తరు కాబట్టి చాలాసార్లు వేగంగా నడిచి తప్పించుకోవచ్చు. తప్పనప్పుడు యంత్రాలను ఆపేసే ఈఎంపీ మైన్‌తో గానీ, విద్యుత్ షాక్ ఇచ్చే స్టన్ బాటన్‌తో గానీ స్తంభింపజేసి, ఆ తరువాత చేతిలోని ఇనుప జాకీతో కొట్టాలి. ఎదురుగా పోయి కొడితే పట్టుకుని గొంతు నులుముతారు. చివరి మిషన్లలో రబ్బరు దుస్తులు వేసుకున్నవారు ఎదురవుతారు, వారిమీద విద్యుత్తు పనిచేయదు. అప్పటికి దొరికే బోల్ట్ గన్‌ను తలకు గురిపెట్టి వాడడమే మార్గం. ఆ చప్పుడు ఎవరు విన్నారో ఆలోచించి వెంటనే చోటు మారాలి. జీవి ఈ మరమనుషులను పట్టించుకోదు కాబట్టి, వారి మధ్యలోకి దాన్ని పిలిచి లాభం లేదు.

కరెంటు మళ్లించే పెట్టెలు కనిపించినప్పుడు వాటిని వదిలేయకండి. కెమెరాలు ఆపివేయడానికి, దూరంగా ఉన్న స్పీకర్లు మోగించడానికి అవి పనికొస్తాయి. కంప్యూటర్లలో ఉన్న లేఖలు కూడా ఓపికగా చదవాలి, తలుపులు తెరిచే అంకెలు చాలావరకు వాటిలోనే ఉంటాయి.

కష్టస్థాయి ఎంచుకోవడం గురించి చివరగా చెబుతాను. నోవిస్, ఈజీ, మీడియం, హార్డ్, నైట్‌మేర్ అని ఐదు ఉన్నాయి. భయం ఆటలు కొత్త అయినవారు మీడియంతో మొదలుపెట్టాలి. మరీ సులభమైన స్థాయిలో వినవలసిన అవసరం తగ్గిపోయి ఆట చప్పబడుతుంది. ఐదో మిషన్‌లో వినడం పట్టుబడినవారు మొదటి నుంచి హార్డ్‌లో ఆడినా ఇబ్బంది ఉండదు. నైట్‌మేర్‌లో మ్యాప్ ఉండదు, ట్రాకర్ సరిగా పనిచేయదు, సామగ్రి చాలా తక్కువ. సెవాస్టపోల్ దారులు కంఠస్థమయ్యాక, రెండోసారి ఆడేటప్పుడు మాత్రమే దాన్ని ఎంచుకోవాలి. ప్రధాన కథ పూర్తయిన తరువాత నోస్ట్రొమో ఓడలోనే జరిగే రెండు చిన్న అదనపు కథలు ఉన్నాయి. ఫోన్ కూర్పులో అవి ఆటతోపాటే వస్తాయి, కంప్యూటరులో ఆడేవారు కొనే ముందు అవి కలిసి ఉన్నాయో లేదో చూసుకోవాలి.